తుబియేరా: లేనిదాన్ని చెప్పే స్పానిష్ క్రియ, దాని వెనుక లెక్క

సంక్షిప్తంగా: స్పానిష్‌లో క్రమం తప్పిన క్రియలకు భూతకాల సబ్జంక్టివ్ రూపాన్ని, అంటే ఊహను, కోరికను, సందేహాన్ని చెప్పే రూపాన్ని, విడిగా కంఠస్థం చేయనక్కరలేదు. సామాన్య భూతకాలంలో ‘వారు’ అనే ప్రథమ పురుష బహువచన రూపం తెలిస్తే చాలు, మిగతాదంతా దాని నుంచి మినహాయింపు లేకుండా వస్తుంది. తెలుగు మాతృభాషగా ఉన్నవారికి అసలు చిక్కు వాడుకలో ఉంది. జరగని సంగతిని చెప్పేటప్పుడు తెలుగు ఆ భారాన్ని ప్రధాన క్రియ మీద పెడుతుంది. స్పానిష్ దాన్ని రెండు క్రియలకూ పంచుతుంది.

అత్తకు మీసాలుంటే మామ అయ్యేది అని తెలుగువారు అంటారు. జరగని సంగతిని పట్టుకుని వాదన సాగదీసేవారికి అడ్డుకట్ట వేసే మాట అది. స్పానిష్‌లో అదే పని చేసే నానుడి ఒకటి ఉంది: ‘సి మి అబువేలా తుబియేరా రువేదాస్, సెరీయా ఊనా బిసిక్లేతా.’ మా నాయనమ్మకు చక్రాలుంటే సైకిలు అయ్యేది అని దాని అర్థం. ఆలోచన ఒకటే, వాక్యం నడిచే తీరూ దాదాపు ఒకటే. క్రియల దగ్గరికి వచ్చేసరికి మాత్రం దారులు వేరవుతాయి. తెలుగులో ‘ఉంటే’ అనే మాట రేపు నిజంగా ఉండే వీలున్న వాటికీ పనికొస్తుంది, ఎన్నటికీ ఉండని వాటికీ పనికొస్తుంది. స్పానిష్‌లో ‘అయితే’ అనే అర్థమిచ్చే ‘సి’ పక్కన ‘తుబియేరా’ వచ్చిందంటే, ఆ సంగతి లేదనో, జరుగుతుందన్న నమ్మకం లేదనో మాట్లాడేవారు ముందే చెప్పేసినట్టు.

ఈ రూపాన్ని స్పానిష్ వ్యాకరణం భూతకాల అసంపూర్ణ సబ్జంక్టివ్ అంటుంది. సబ్జంక్టివ్ అంటే ఒక విషయాన్ని నిజమని ప్రకటించకుండా కోరికగా, సందేహంగా, ఊహగా, ఆజ్ఞగా పలికే క్రియారూపాల వరుస. స్పానిష్ బోధన కోసం స్పెయిన్ ప్రభుత్వం నడిపే ఇన్‌స్టిట్యూటో సెర్వాంటెస్ పాఠ్యప్రణాళిక దీన్ని బి2 స్థాయిలో, అంటే మధ్యస్థాయి దాటిన మెట్టులో, ఉంచింది. హైదరాబాద్‌లోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో స్పానిష్ చదివేవారికీ, అమెరికా బడుల్లో ఆ భాషను ఎంచుకునే తెలుగు కుటుంబాల పిల్లలకూ ఎప్పుడో ఒకప్పుడు ఈ మెట్టు ఎదురవుతుంది.

ఉచ్చారణ గురించి ఒక మాట. ఇక్కడ స్పానిష్ పదాలను లాటిన్ అమెరికా పలుకుబడికి దగ్గరగా రాయడం జరిగింది. ఆ భాషలో ‘వి’ అనే అక్షరం ‘బ’గా పలుకుతుంది, ‘హెచ్’ పలకదు, ‘జె’ దాదాపు ‘హ’ అవుతుంది.

రూపం ఎక్కడ పుడుతుంది

నేర్చుకునేవారు చేసే మొదటి పొరపాటు క్రియ మూలరూపం నుంచి బయలుదేరడం. ‘తెనేర్’ అంటే కలిగి ఉండడం. దాని నుంచి ‘తెనియేరా’ అని కట్టేస్తారు. వినడానికి సహజంగానే ఉంటుంది, కానీ అలాంటి రూపం ప్రామాణిక భాషలో లేదు. బయలుదేరాల్సింది ‘తుబియేరోన్’ నుంచి. ‘వారికి ఉండింది’ అని చెప్పే సామాన్య భూతకాల రూపం అది. దాని చివరి ‘రోన్’ తీసేసి ‘రా’ చేర్చితే ‘తుబియేరా’ వస్తుంది. నేను అన్నప్పుడు తుబియేరా, నువ్వు అన్నప్పుడు తుబియేరాస్, అతను లేదా ఆమె అన్నప్పుడు మళ్ళీ తుబియేరా, మేము అన్నప్పుడు తుబియేరామోస్, మీరు అన్నప్పుడు స్పెయిన్‌లో తుబియేరైస్, వారు అన్నప్పుడు తుబియేరాన్. ‘మేము’ రూపాన్ని రాసేటప్పుడు ‘యే’ మీద ఒత్తు గుర్తు తప్పనిసరి. మిగతా వాటికి గుర్తు ఉండదు.

ఇదే పద్ధతిలో ‘చేయు’ అనే అసేర్ క్రియకు ఇసియేరోన్ నుంచి ఇసియేరా, ‘చెప్పు’ అనే దెసీర్‌కు దిహేరోన్ నుంచి దిహేరా, ‘చేయగలుగు’ అనే పొదేర్‌కు పుదియేరోన్ నుంచి పుదియేరా, ‘తెలియు’ అనే సబేర్‌కు సుపియేరోన్ నుంచి సుపియేరా, ‘వచ్చు’ అనే బెనీర్‌కు బినియేరోన్ నుంచి బినియేరా వస్తాయి. ‘నిద్రపోవు’ అనే దోర్మీర్‌లో అచ్చు మారి దుర్మియేరా అవుతుంది. అయితే ఆ మార్పు కూడా దుర్మియేరోన్‌లో అప్పటికే జరిగిపోయి ఉంటుంది. కొత్తగా వచ్చి చేరేది ఏదీ లేదు.

స్పానిష్ క్రియల్లో ఇంత కచ్చితమైన నియమం అరుదు. వర్తమాన సబ్జంక్టివ్‌కు కూడా ఒక నియమం ఉంది కానీ, ‘సేర్’ (అగు), ‘ఈర్’ (వెళ్ళు), ‘సబేర్’, ‘అబేర్’ (జంట కాలాల్లో సాయపడే క్రియ) వంటివి దాన్ని దాటిపోతాయి. భూతకాల సబ్జంక్టివ్‌ను దాటిన క్రియ ఒక్కటీ లేదు. కాబట్టి ‘క్రమం తప్పిన క్రియల భూతకాల సబ్జంక్టివ్’ అని పాఠ్యపుస్తకాలు విడి అధ్యాయం పెట్టడం కొంత తప్పుదారి పట్టించేదే. క్రమం తప్పడం సామాన్య భూతకాలంలోనే జరిగిపోయింది. సబ్జంక్టివ్ దాన్ని వారసత్వంగా పుచ్చుకుంది, అంతే.

ఒక విషయంలో ఈ క్రియలే తేలిక కూడా. ‘మాట్లాడు’ అనే క్రమబద్ధమైన అబ్లార్‌లో ‘అబ్లారా’ అంటే సబ్జంక్టివ్, ‘అబ్లరా’ అంటే ‘మాట్లాడతాడు’ అనే భవిష్యత్తు. తేడా అంతా ఏ అక్షరాన్ని ఊది పలుకుతామన్న దాని మీదే ఉంది. తెనేర్‌కు ఆ బెడద లేదు. సబ్జంక్టివ్ తుబియేరా, భవిష్యత్తు తేంద్రా. రెండూ కలిసిపోయే ప్రసక్తే లేదు.

లాటిన్ నుంచి వచ్చిన ఆస్తి

ఈ నియమం ఎందుకు తప్పదో తెలియాలంటే లాటిన్ దాకా వెళ్ళాలి. లాటిన్‌లో పూర్తయిన పనిని చెప్పే రూపాలన్నిటికీ ఒకే ధాతురూపం ఆధారం. ‘వారు పట్టుకున్నారు’ అన్నదానికి తెనువేరుంట్, ‘నేను అప్పటికే పట్టుకుని ఉంటిని’ అన్నదానికి తెనువెరామ్, అదే అర్థంలో సబ్జంక్టివ్‌కు తెనువిస్సెమ్. ఈ మూడింటిలోనూ ‘తెను’ అనే ముక్క ఒకటే. స్పానిష్ సామాన్య భూతకాలం మొదటి రకం నుంచి వచ్చింది. ‘రా’ రూపం రెండో రకం నుంచి, ‘తుబియేసె’ వంటి ‘సె’ రూపం మూడో రకం నుంచి వచ్చాయి. ఒకే తల్లి బిడ్డలు కాబట్టి పోలికలు తప్పవు.

ధాతువు మారిన చోట కూడా మూడూ కలిసే మారాయి. తెనేర్ చరిత్ర అందుకు మంచి ఉదాహరణ. మధ్యయుగపు కాస్తీలియన్‌లో, అంటే పాత స్పానిష్‌లో, అప్పట్లో ‘కలిగి ఉండు’ అనే అర్థమున్న ‘అబేర్’ క్రియకు భూతకాలం ‘ఓబె’. లాటిన్ ‘హబువీ’ అరిగి అలా మారింది. అర్థంలో దానికి దగ్గరైన తెనేర్ ఆ రూపాన్ని చూసి ‘తోబె’ అయింది. ‘ఉండు’ అనే ఎస్తార్‌కు, ‘నడుచు’ అనే ఆందార్‌కు అంతకుముందు ఎస్తిదె, ఆందిదె అనే రూపాలు ఉండేవి. అవి కూడా ఆ గుంపులోనే చేరిపోయాయి. ఆ తర్వాత ‘ఓ’ కాస్తా ‘ఉ’గా మారి ఉబె, తుబె, ఎస్తుబె, ఆందుబె స్థిరపడ్డాయి. ప్రతి దశలోనూ సబ్జంక్టివ్ వెంట నడిచింది. మధ్యయుగపు రాతల్లో తోబియేరోన్ పక్కన తోబియేరా ఉంటే, నేటి భాషలో తుబియేరోన్ పక్కన తుబియేరా ఉంది.

దిహేరోన్‌లో ‘ఇయే’ బదులు ఒట్టి ‘ఏ’ ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకూ జవాబు చరిత్రలోనే ఉంది. ఇప్పుడు ‘హ’గా వినిపించే ఆ అక్షరం ఒకప్పుడు ‘ష’కు దగ్గరగా పలికేది. అది తాలవ్య ధ్వని. పక్కనున్న ‘ఇ’ని అది తనలో కలుపుకుంది. తర్వాత ‘ష’ పలుకు మారిపోయినా, మింగిన ‘ఇ’ తిరిగి రాలేదు. ‘తెచ్చు’ అనే త్రయేర్‌కు వచ్చే త్రహేరా, ‘నడుపు’ అనే కోందుసీర్‌కు వచ్చే కోందుహేరా కూడా ఈ కోవలోవే.

రెండు రూపాలు, ఒక పని

‘తుబియేరా’, ‘తుబియేసె’ రెండూ ఒకే చోట వాడదగినవే. చాలా సందర్భాల్లో ఒకదాని బదులు మరొకటి పెట్టినా అర్థం మారదు. లాటిన్ అమెరికాలో ‘రా’ రూపమే రాజ్యమేలుతోంది. స్పెయిన్‌లో రెండూ వినిపిస్తాయి, అయినా ‘రా’ వాడుకే ఎక్కువ. కొత్తగా నేర్చుకునేవారు ‘రా’ను మాట్లాడడానికి, ‘సె’ను చదివి గుర్తుపట్టడానికి సాధన చేస్తే సరిపోతుంది.

పుట్టుకలో వీటికి ఉన్న తేడా పూర్తిగా చెరిగిపోలేదు. ‘రా’ మొదట సబ్జంక్టివ్ కాదు, ‘అప్పటికే జరిగి ఉండింది’ అని నిజాన్ని చెప్పే రూపం. ‘అయితే ఇలా అయ్యేది’ అనే వాక్యాల్లోకి చేరి, వందల ఏళ్ళ వాడుకలో మెల్లగా సబ్జంక్టివ్‌గా మారింది. పోర్చుగీసులో దాని పాత పని ఇంకా మిగిలే ఉంది. అక్కడ ‘తివేరా’ అంటే ‘అప్పటికే కలిగి ఉండెను’. స్పానిష్ పత్రికల్లో, సాహిత్యంలో కూడా ఆ పాత వాసన అప్పుడప్పుడు తగులుతుంది. ‘లా కాసా కే కొంప్రారా’ అని రాసి, ‘అతను అంతకుముందు కొన్న ఇల్లు’ అనే అర్థంలో వాడుతుంటారు. అక్కడ సందేహం లేదు, ఊహ లేదు. ఈ వాడుక తెలియని పాఠకులు ఆ వాక్యంలో లేని షరతును వెతుక్కుంటారు.

ఇదే కుటుంబంలో ‘తుబియేరె’ అనే భవిష్యత్ సబ్జంక్టివ్ ఒకటి ఉంది. నేడు అది చట్టాల భాషలోనూ కొన్ని పాత సామెతల్లోనూ తప్ప వినిపించదు.

పేరులో భూతకాలం, అర్థంలో దూరం

‘సి తుబియేరా దినేరో, కొంప్రరీయా ఊనా కాసా’ అంటే ‘డబ్బు ఉంటే ఇల్లు కొనేవాడిని’. ఇక్కడ డబ్బు లేనిది నిన్న కాదు, ఇప్పుడు. పేరులో భూతకాలం ఉన్నా మాట వర్తమానం గురించి. నిజంగా గతాన్ని గురించి చెప్పాలంటే ‘ఉబియేరా తెనీదో’ అనే జంట రూపం కావాలి: అప్పట్లో డబ్బు ఉండి ఉంటే అని. ఆ ఉబియేరా కూడా ఉబియేరోన్ నుంచి పుట్టినదే.

భూతకాల రూపంతో వర్తమానంలోని లేమిని చెప్పడం స్పానిష్ ఒక్కదాని అలవాటు కాదు. ఇంగ్లీషు కూడా ‘ఇప్పుడు నా దగ్గర ఉంటే’ అనడానికి గతాన్ని చెప్పే క్రియనే వాడుతుంది. ఫ్రెంచ్ ఇక్కడ సబ్జంక్టివ్‌ను వదిలేసి మామూలు అసంపూర్ణ భూతకాలంతో సరిపెట్టుకుంటుంది. ఫ్రెంచ్‌లో భూతకాల సబ్జంక్టివ్ ఇప్పుడు పుస్తకాలకే పరిమితం. స్పానిష్‌లో అది కూరగాయల అంగడిలో, బస్టాపులో, చిన్న పిల్లల నోట కూడా బతికే ఉంది. దీన్ని పండితుల భాష అనుకుని పక్కన పెడితే రోజువారీ మాటలు కూడా అందవు.

తెలుగులోనూ ఇలాంటి జాడ ఉంది, కాకపోతే మనకు తెలియకుండానే వాడేస్తుంటాం. ‘రేపు వర్షం కురిసినట్లయితే’ అంటాం. రేపటి వర్షానికి ‘కురిసిన’ అనే గతాన్ని చెప్పే విశేషణం ఎందుకు? ‘అన్నీ తెలిసినట్టు మాట్లాడతాడు’ అన్నప్పుడు ‘తెలిసిన’ కూడా అంతే. ఈ వాక్యాన్ని స్పానిష్‌లో ‘అబ్లా కోమో సి సుపియేరా తోదో’ అంటారు. ‘కోమో సి’, అంటే ‘అన్నట్టు’, తర్వాత భూతకాల సబ్జంక్టివ్ తప్పనిసరి. గతం అంటే చేతికి అందనిది. చేతికి అందనిదల్లా గతం రూపంలో చెప్పడం ఎన్నో భాషలకు సహజంగా తోచింది.

భారం ఎవరు మోస్తారు

ఇంత పోలిక ఉన్నా తెలుగువారు తడబడే చోటు స్పష్టంగా ఉంది. ఈ రెండు వాక్యాలు చూడండి: ‘డబ్బు ఉంటే ఇల్లు కొంటాను’, ‘డబ్బు ఉంటే ఇల్లు కొనేవాడిని’. మొదటిదానిలో ఆశ ఉంది, రెండోదానిలో లేదు. అయినా ‘ఉంటే’ కదలలేదు. మారిందల్లా చివరి క్రియ. సంప్రదాయ వ్యాకరణం చేదర్థకం అని పిలిచే ఈ ‘ఉంటే’కు పురుష లేదు, వచనం లేదు, నిజమా కాదా అన్న గుర్తూ లేదు. అసమాపక క్రియ తేలిగ్గా ఉంటుంది, వాక్యం బరువంతా సమాపక క్రియ మోస్తుంది. తెలుగు వాక్య నిర్మాణంలో ఇది మూలసూత్రం వంటిది.

స్పానిష్‌లో ఆ రెండు వాక్యాలు ఇలా ఉంటాయి: ‘సి తేంగో దినేరో, కొంప్రారె ఊనా కాసా’ అనడంలో ‘కొంప్రారె’ చివరి అక్షరం ఊది పలికే భవిష్యత్తు, ‘తేంగో’ మామూలు వర్తమానం. రెండోది ‘సి తుబియేరా దినేరో, కొంప్రరీయా ఊనా కాసా’. రెండు క్రియలూ మారాయి. తెలుగు అలవాటుతో ఆలోచించేవారు చివరి క్రియను సరిగ్గా మార్చి మొదటిదాన్ని వదిలేస్తారు: ‘సి తేంగో దినేరో, కొంప్రరీయా’. ఇది పాఠం అర్థం కాక చేసిన తప్పు కాదు, మాతృభాష నేర్పిన పొదుపు. దీన్ని తప్పుల పట్టికలో వేసి ఊరుకునే బదులు, ‘ఉంటే’ ఏ భారం మోయదని చూపించి బోధిస్తే మేలు.

మరో చిక్కు కూడా ఇక్కడే ఉంది. ‘డబ్బు ఉంటే ఇల్లు కొనేవాడిని’ అనే వాక్యం ఇప్పటి సంగతా, పదేళ్ళ కిందటి సంగతా? తెలుగులో రెండూ కావచ్చు. సందర్భాన్ని బట్టి విన్నవారు తేల్చుకుంటారు. మరీ స్పష్టత కావాలంటే ‘ఉండి ఉంటే కొని ఉండేవాడిని’ అంటాం. స్పానిష్‌లో ఆ వెసులుబాటు లేదు. ఇప్పటిదైతే తుబియేరా, అప్పటిదైతే ఉబియేరా తెనీదో. వాక్యం మొదలు పెట్టకముందే కాలం తేల్చుకోవాలి.

‘ఉన్నా’ విషయమూ ఇంతే. ‘డబ్బున్నా కొనను’, ‘డబ్బున్నా కొనేవాడిని కాదు’ అని మనం చివరిదాన్నే మారుస్తాం. స్పానిష్‌లో రెండో వాక్యానికి ‘ఔంకె తుబియేరా దినేరో’ అని మొదలుపెట్టాలి.

రమ్మనడం, వస్తాననడం

‘సి’ వాక్యాల మీదే పాఠాలు ఎక్కువగా నడుస్తాయి కానీ, నిజ జీవితపు స్పానిష్‌లో ఈ రూపం మన ‘అని’ వంటి ‘కే’ తర్వాత కూడా చాలా తరచుగా వస్తుంది. ‘నువ్వు రావాలని కోరుకుంటున్నాను’, ‘నువ్వు రావాలని కోరుకున్నాను’ అన్నప్పుడు తెలుగులో ‘రావాలని’ చెక్కుచెదరదు. స్పానిష్‌లో మొదటిది ‘కియేరో కే బేంగాస్’, రెండోది ‘కెరీయా కే బినియేరాస్’. ప్రధాన క్రియ గతంలోకి వెళ్తే, వెంట ఉన్న సబ్జంక్టివ్ కూడా గతంలోకి వెళ్తుంది. ‘అని’ అనే ఒక్క మాటతో ఎవరి మాటనైనా యథాతథంగా వాక్యంలో కూర్చుకునే తెలుగుకు ఈ కాలాల పొంతన బొత్తిగా అలవాటు లేదు.

తెలుగు సాయపడే చోటు కూడా ఒకటి ఉంది. ‘లే దిహే కే బినియేరా’ అంటే ‘అతన్ని రమ్మని చెప్పాను’. ‘లే దిహే కే బెనీయా’ అంటే ‘వస్తున్నానని అతనికి చెప్పాను’. ఒకటి ఆజ్ఞ, ఒకటి సమాచారం. తెలుగులో ‘రమ్మని’, ‘వస్తున్నానని’ మధ్య ఉన్న తేడాయే స్పానిష్‌లో సబ్జంక్టివ్‌కూ మామూలు క్రియకూ మధ్య ఉంది. ‘రమ్మని’ అనిపించిన ప్రతిచోటా సబ్జంక్టివ్ పెడితే తప్పు జరగదు.

ఇంకొక చోట స్పానిష్ చూపే సున్నితత్వం తెలుగు క్రియలో కనిపించదు. ‘తెలుగు తెలిసిన డాక్టరు కోసం వెతికాను’ అన్నప్పుడు, అలాంటి డాక్టరు ఉన్నారని తెలిసి వెతికారా, ఎవరైనా ఉంటే బాగుండునని వెతికారా? ‘బుస్కాబా ఊన్ మేదికో కే సుపియేరా తెలుగు’ అంటే రెండోది. ఉన్నారో లేరో తెలియదు. ఫలానా మనిషిని మనసులో పెట్టుకుని వెతికితే ‘సుపియేరా’ స్థానంలో ‘సబీయా’ వస్తుంది. ఒక్క క్రియారూపం మనిషి ఉనికినే ప్రశ్నార్థకం చేస్తుంది.

ఫువేరా: ఒకే మాటలో ఎన్నో

అన్నిటికంటే గజిబిజి చేసేది ఫువేరా. ‘అగు’ అనే సేర్‌కూ, ‘వెళ్ళు’ అనే ఈర్‌కూ భూతకాలం ఒకటే: ఫువేరోన్. కాబట్టి సబ్జంక్టివ్ కూడా ఒకటే. లాటిన్‌లో ‘ఉండు’ క్రియకున్న ‘ఫువీ’ రూపాలను ‘వెళ్ళు’ క్రియ కూడా తన భూతకాలం కోసం తీసుకోవడంతో ఈ కలయిక ఏర్పడింది. పైగా ‘నేను’కూ ‘అతను’, ‘ఆమె’లకూ రూపం ఒకటే. ఇది చాలదన్నట్టు ‘బయట’ అనే అర్థంలో మరో ‘ఫువేరా’ ఉంది. దానికి క్రియతో సంబంధం లేదు, వేరే లాటిన్ మాట నుంచి వచ్చింది.

వాక్యంలో పెట్టి చూస్తే ముడి చాలావరకు విడిపోతుంది. ‘సి ఫువేరా మేదికో’ అంటే డాక్టరునైతే. ‘సి ఫువేరా ఆ మద్రీద్’ అంటే మద్రిద్ వెళితే. ‘ఆ’ అనే చిన్న విభక్తి మాట దారి చూపుతుంది. ‘సి యో ఫువేరా తూ’, అంటే ‘నేను నువ్వైతే’, సలహా ఇచ్చేటప్పుడు ప్రతిరోజూ వినిపించే మాట. తెలుగులో మనం ‘నీ స్థానంలో నేనుంటే’ అంటాం.

మాతృభాషగా మాట్లాడేవారి మధ్య తేడాలు

స్పెయిన్ ఉత్తర ప్రాంతాల్లో, ముఖ్యంగా బాస్క్ ప్రాంతం, నవార్రా, లా రియోహా, బుర్గోస్, కాంతాబ్రియా చుట్టుపక్కల ‘సి తేంద్రీయా దినేరో, కొంప్రరీయా’ అనేవారు ఉన్నారు. రెండు వైపులా ఒకే రకం రూపం పెట్టడం అది. ప్రామాణిక భాష దీన్ని ఒప్పుకోదు. ఫ్రాన్స్‌లో పిల్లలు కూడా ఇదే తప్పు చేస్తారు. అందుకే ‘సి’ అనే మాటకు ‘రే’ చివరలు నచ్చవని అక్కడి ఉపాధ్యాయులు బట్టీ పట్టిస్తారు. మాతృభాషగా ఉన్నవారికి కూడా రెండు క్రియలకు రెండు వేర్వేరు రూపాలు ఇవ్వడం భారంగానే తోస్తుందని ఇవి చెబుతున్నాయి.

రూపాల్లోనూ వారు జారుతుంటారు. ఆందుబియేరాకు బదులు ఆందారా, దిహేరాకు బదులు దిహియేరా అనేవారు తక్కువేమీ కాదు. గమనిస్తే ఈ తప్పులన్నీ మొదట సామాన్య భూతకాలంలో జరిగినవే. ఆందుబియేరోన్‌ను ఆందారోన్ అన్నవారే ఆందారా అంటారు. తప్పులో కూడా నియమం తప్పలేదు.

మర్యాదలో దాగిన వ్యాకరణం

‘కిసియేరా ఊన్ కఫే’, ఒక కాఫీ కావాలండీ. స్పానిష్ నేర్చుకునేవారు ఈ మాటను తొలి వారాల్లోనే నేర్చుకుంటారు, సబ్జంక్టివ్ అన్న పేరైనా వినకముందే. కేరేర్ అనే క్రియకు ‘వారు కోరారు’ అనే కిసియేరోన్ నుంచి వచ్చిన భూతకాల సబ్జంక్టివ్ అది. ‘కియేరో’ అంటే ‘కావాలి’ అని ముఖం మీద చెప్పినట్టు ఉంటుంది. కిసియేరా ఆ కోరికను ఒక అడుగు వెనక్కి జరుపుతుంది. పుదియేరా, ‘చేయాల్సి ఉండు’ అనే దెబేర్ నుంచి వచ్చిన దెబియేరా కూడా ఇలాగే ప్రధాన క్రియలుగా నిలబడి మాటను మెత్తబరుస్తాయి. ‘రా’, ‘సె’ రూపాల మధ్య తేడా కచ్చితంగా బయటపడేది ఇక్కడే. ఈ మర్యాద వాడుకలో కిసియేరా బదులు కిసియేసె కుదరదు.

తెలుగులో పెద్దల ఎదుట నిలబడి ‘మీతో ఒక సంగతి మాట్లాడదామనుకున్నానండీ’ అంటాం. అనుకోవడం ఇప్పుడే, మాట్లాడబోయేదీ ఇప్పుడే. అయినా క్రియను గతంలోకి నెట్టి, కాదనే వీలు ఎదుటివారికి వదులుతాం. కిసియేరా చేసే పని సరిగ్గా అదే.